నాలుగు-బి వాళ్ల కాఫీ తోట

అరుణజ్యోతికి తన గురించి తనకు పెద్ద అభిప్రాయమేమీ ఉండేది కాదు. మనిషి సన్నం, గొంతు అంతకన్నా సన్నం. ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తే ముందు మనసులో ఒకసారి రాసుకుని, తప్పులు దిద్దుకుని, అప్పుడు నోరు తెరిచేది. ఆలోగా అవతలివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవాళ్లు. ఇవన్నీ ఆమె ఒప్పుకునేది. ఒక్క విషయంలో మాత్రం లోలోపల గర్వం. గింజ పెడితే మొలవకపోవడమనేది తన చేతుల్లో జరగదు. ఆమె చౌటుప్పల్ అవతలి ఊళ్లో మట్టయ్య కూతురు. నడక రాకముందే నాగటిచాలు చూసిన పిల్ల. దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్ కిటికీలో, పగిలిన మగ్గులో ఆమె చల్లిన మెంతులు కూడా గుబురుగా మొలిచాయి.

సరిగ్గా ఆ గర్వమే కొంప ముంచింది.

ఎల్.బి.నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న ప్రైవేటు బడిలో ఆమె పనిచేసేది. టీచరే, కానీ ఏ క్లాసుకూ టీచర్ కాదు. ఎవరు సెలవు పెడితే వాళ్ల గదిలోకి వెళ్లి కూర్చునే మనిషి. ఒకరోజు యూకేజీ, ఒకరోజు ఏడో తరగతి లెక్కలు, ఒక్కోరోజు గేటు దగ్గర పిల్లల్ని బస్సెక్కించడం. పిల్లలు ఆమె పేరు నేర్చుకునేలోపే ఆమె మరో గదికి మారిపోయేది. నాలుగు-బి క్లాస్ టీచర్ ప్రసవానికి వెళ్లి, ఇక ఉద్యోగానికి రానని కబురు పెట్టడంతో దసరా సెలవుల తర్వాత ఆ క్లాసు ఈమెకు వచ్చింది. అదీ తాత్కాలికంగానే. ప్రిన్సిపల్ సీతామహాలక్ష్మిగారు మొహమాటం లేకుండా చెప్పారు.

"నవంబరు చివర్లో ఓపెన్ డే ఉందమ్మా. పేరెంట్స్ అందరూ వస్తారు. నీ క్లాసు ఏం చేసి చూపిస్తుందో చూస్తాను. బాగుంటే నాలుగు-బి నీదే. లేదంటే మళ్లీ పాత పనే. నువ్వేమీ అనుకోకు."

అనుకోవడానికేముంది! అయితే మొదటి వారంలోనే మహేందర్ అనే పిల్లవాడు మెట్ల మీద ఎదురొచ్చి, "టీచర్, ఇయ్యాల ఏం జెప్తరు?" అని అడిగాడు. హైదరాబాదు వచ్చాక ఆమె ఏం చెబుతుందో వినాలని ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. ఆ మెట్ల మీదే ఆమెకు ఆ క్లాసు మీద ఆశ పుట్టింది. ఎంత ఆశంటే, ఆ వేళ నుంచి రోజూ ఒక మెట్రో ముందుగానే ఎక్కి వచ్చేది.

అప్పుడు పుస్తకంలో నడుస్తున్న పాఠం వలసపక్షులూ, కాఫీ తోటలూ. ఎక్కడో వానలు ఆగకుండా కురిసే అడవుల్లో, పెద్దపెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు పెంచుతారట. చలికాలం మొదలవగానే మంచు దేశాల నుంచి పిట్టలు వేలమైళ్లు ఎగిరొచ్చి ఆ చెట్ల మీద దిగుతాయట. చెట్లు కొట్టేసి, ఎండలో కాఫీ వేస్తే కాపు ఎక్కువ వస్తుంది, పిట్టలకు మాత్రం దిగే చోటుండదు. పాఠం బాగుంది. చెప్పే మనిషి వానలడవి చూడలేదు, కాఫీ మొక్క చూడలేదు. వాళ్ల ఇంట్లో చాయ్ తప్ప ఇంకొకటి కాచిన గుర్తు లేదు. ఇన్ని లోపాలున్నా ఆమె చాలా ధైర్యంగా చెప్పింది, ఎందుకంటే క్లాసులోనూ ఎవరూ చూసినవాళ్లు లేరు.

"టీచర్, మా నానమ్మ రోజూ కాఫీ పెడుతుంది. దాంట్లో పిట్టలేం ఉండవు," అన్నాడు చంటి. వాళ్లది కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన కుటుంబం.

"కప్పులో ఉండవు నాన్నా. తోటలో ఉంటాయి. పైన పెద్ద చెట్లు, కింద కాఫీ చెట్లు."

"అంటే పిట్టలు ఫస్ట్ ఫ్లోర్, కాఫీ గ్రౌండ్ ఫ్లోర్," అన్నాడు మహేందర్. "మరి కిరాయి, టీచర్? పిట్టలు కిరాయి ఏమిస్తయ్?"

అరుణజ్యోతి ఒక్క క్షణం ఆలోచించింది. "కాఫీ కాయను తొలిచే పురుగులుంటాయి. వాటిని తినేస్తాయి. అదే కిరాయి."

"మా ఓనర్ కూడా గట్ల తీసుకుంటే మంచిగుండు," అన్నాడు మహేందర్. వాళ్ల నాన్న మీర్‌పేట్‌లో ఆటో నడుపుతాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో ఆమెకు తల తిరిగింది. తల తిరిగినప్పుడే మనిషి నోటికి పెద్ద మాటలొస్తాయి.

"మనమే ఒక కాఫీ తోట పెంచుదాం," అనేసింది.

ఆ మాట స్టాఫ్ రూము మీదుగా ప్రిన్సిపల్ గదికి చేరడానికి ఎక్కువసేపు పట్టలేదు. సాయంత్రానికల్లా ఓపెన్ డే ఆహ్వానంలో 'నాలుగు-బి: మా కాఫీ తోట' అని చేరిపోయింది.

ఆ శనివారం అరుణజ్యోతి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు వెనక ఉన్న కాఫీపొడి కొట్టుకు వెళ్లింది. వీధి మొదట్లోనే వాసన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కొట్టు యజమాని పట్టాభి అడిగాడు, "ఏం కావాలమ్మా? పొడి కొట్టమంటారా?"

"వద్దండీ. గింజలే కావాలి. మంచివి ఇవ్వండి."

"ఇంట్లోనే మిషనుందన్నమాట. అలవాటున్నవాళ్లు ఇలాగే తీసుకెళ్తారు," అన్నాడు పట్టాభి మెచ్చుకోలుగా. ఏ మిషనో ఆమెకు అర్థం కాలేదు. అలవాటున్న మనిషిలా తలాడించి పొట్లం తీసుకుంది. గింజలు గోధుమరంగులో, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. అరచేతిలో వేసుకుని బరువు చూసింది. పుచ్చు లేదు, తాలు లేదు. తను అడిగింది గనక మంచి సరుకిచ్చాడనుకుంది.

సోమవారం పిల్లలు తలా ఒక పెరుగు డబ్బా తెచ్చారు. బడి వెనక ఇల్లు కడుతున్నచోటి నుంచి ఎర్రమట్టి వచ్చింది. డాబా మీద అరుణజ్యోతి చెంగు బిగించి నిలబడి, ఇంగ్లీషులో రాసుకోవాల్సిన అవసరం లేకుండా, జీవితంలో మొదటిసారి అనర్గళంగా మాట్లాడింది. గింజను ఎందుకు నానబెట్టాలి, ఎంత లోతున పెట్టాలి, నీళ్లు పొయ్యడానికీ చిలకరించడానికీ తేడా ఏమిటి, అన్నీ. "మాది తాతల కాలం నుంచి వ్యవసాయం," అని కూడా అంది. ఆ ముక్క అనకపోయినా సరిపోయేది.

నానబెట్టిన నీళ్లు నల్లగా దిగాయి. గుప్పున వాసన. పిల్లలు ముక్కులు ఎగబీల్చారు. అప్పుడే డాబా మీదకొచ్చిన సీతామహాలక్ష్మిగారు, రోజుకు మూడుసార్లు ఫిల్టర్ కాఫీ తాగే మనిషి, గిన్నె మీదకు వంగి కళ్లు మూసుకున్నారు. "అబ్బ, ఏం వాసన! వెరీ గుడ్. సీడ్స్ ఇంత ఫ్రెష్‌గా ఉన్నాయంటే మొక్కలు కూడా బాగా వస్తాయి," అన్నారు.

మొక్కలు రాలేదు.

ఒక వారం గడిచింది. అరుణజ్యోతి తప్పు మట్టి మీద వేసి, మెత్తటి మట్టి తెప్పించింది. ఇంకో వారం పోయాక తప్పు నల్లా నీళ్ల మీదకు వెళ్లింది. క్లోరిన్ ఎక్కువైందని నీళ్లు రాత్రంతా బకెట్లో నిలవబెట్టి పోయించింది. తర్వాత ఎండ ఎక్కువని పాత చీర కట్టించింది. ఆ తర్వాత నీడ ఎక్కువైందని విప్పించింది. సింధు అనే అమ్మాయి తన డబ్బాకు 'బుజ్జి' అని పేరు పెట్టి రోజూ పలకరించేది. "మాట్లాడితే త్వరగా వస్తుందా టీచర్?" అని అడిగితే, వ్యవసాయ కుటుంబపు ఆడపడుచు కాస్త ఆలోచించి, "రావచ్చు," అంది.

సరిగ్గా అప్పుడు దొంగ దొరికింది.

చిన్న పిట్ట. నలుపూ తెలుపూ బూడిదరంగూ. మొహం తెల్లగా, మెడకింద నల్లమచ్చ. ఎప్పుడూ పడిపోబోతున్నట్టు తోక పైకీ కిందికీ ఊపుకుంటూ, డబ్బాల మధ్య చకచకా నడుస్తూ, తడిమట్టిలో ముక్కు పెట్టి టక్కున ఏదో అందుకుంటోంది. రోజూ ఉదయం పిల్లలు నీళ్లు పోసి దిగగానే వస్తోంది.

"మన గింజలు తింటోంది టీచర్!" అని చంటి అరిచాడు.

అరుణజ్యోతికి రక్తం మరిగింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి, గొంతు పోయేదాకా కేకలేసి పిట్టల్ని తోలిన మనిషి. ఎందుకు మొలవలేదో ఇప్పుడు తెలిసింది! వెంటనే కాపలా పెట్టింది. పొద్దున బెల్లుకు ముందు ఇద్దరు. ఇంటర్వెల్‌లో ఇద్దరు, లంచ్‌లో ఇద్దరు, ఆటల పీరియడ్‌లో ఎవరొస్తే వాళ్లు. కొట్టడానికి స్టీలు పళ్లేలు. దండెం నిండా మెరిసే బిస్కెట్ కాగితాలు. మహేందర్ చీపురుకర్రకు పాత యూనిఫారం తొడిగి, బడి టై కట్టి దిష్టిబొమ్మ నిలబెట్టాడు. దాని మెడలో ఐడీ కార్డు కూడా వేశాడు. పిట్ట దిగిందంటే చాలు, డాబా మీద పెళ్లి బాజాలంత మోత. పిట్ట 'చిసిక్' మని పక్క అపార్ట్‌మెంట్ నీళ్లట్యాంకు మీదకు ఎగిరిపోయేది. పిల్లలు చెమటలు తుడుచుకుంటూ క్లాసులోకి దిగి, పుస్తకాలు తీసి, 'దూరదేశాల నుంచి వచ్చే పక్షులకు మనం ఆశ్రయం కల్పించాలి' అనే వాక్యాన్ని అందంగా కాపీ రైటింగ్ రాసేవాళ్లు.

ఓపెన్ డే వారంలో పడేసరికి సీతామహాలక్ష్మిగారు రోజూ అడగడం మొదలెట్టారు. "ఏమ్మా, మొలకలొచ్చాయా?"

"వస్తున్నాయి మేడం."

ఎక్కడి నుంచో చెప్పలేదు. సాయంత్రం హాస్టల్ నుంచి నాన్నకు ఫోన్ చేసింది.

"కాఫీ గింజలెట్లుంటయో నాకెర్కలే బిడ్డా," అన్నాడు మట్టయ్య. "గని అన్నీ సక్కగ జేసినా ఒక్కటి మొల్వలేదంటే గవి నకిలీయే. పత్తి గింజలప్పుడు మనకేం జేసిన్రు? షాపోని ముంగట కూసుంటేనే గద దిగొచ్చిన్రు! ఊకోకు. పోయి గట్టిగడుగు. బిల్లున్నదా?"

బిల్లు ఉంది. మిగిలిన గింజల పొట్లమూ ఉంది. ఎప్పుడూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడని అరుణజ్యోతి మర్నాడు బడి వదలగానే ఆ రెండూ పట్టుకుని, మెట్రో దిగి, జనాన్ని తోసుకుంటూ కాఫీపొడి కొట్టు ముందు నిలబడింది. కొట్టు కిటకిటలాడుతోంది.

"మీరు నకిలీ విత్తనాలు అమ్ముతున్నారండీ," అంది.

పట్టాభి తూకం ఆపాడు. "ఏంటమ్మా?"

"విత్తనాలు. ఇక్కడే తీసుకున్నా. ఒక్కటంటే ఒక్కటి మొలవలే. మా నాయనకు పత్తి గింజలు గిట్లనే ఇచ్చిన్రు. మేం ఊకోలే, దుకాణం ముంగట్నే కూసున్నం." కోపమొస్తే ఆమెకు బడి భాష జారిపోయి ఊరి భాష బయటికొస్తుంది.

"మొలవలేదా?" పట్టాభి పొట్లంకేసి, ఆమెకేసి చూశాడు. "ఇవి నాటారామ్మా మీరు?"

"నాటినం. పెరుగు డబ్బల్ల."

"కాఫీ గింజల్ని?"

"మరి కందులనా!"

కొట్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. పట్టాభి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కౌంటరు బల్ల తలుపెత్తి, "ఇలా రండమ్మా," అని లోపలికి పిలిచి, గిరగిరా తిరుగుతున్న పెద్ద ఇనుప పీపా చూపించాడు. "ఇదిగో, లోపల పోసేటప్పుడు ఈ రంగు." గోనెసంచిలోంచి ఒక గుప్పెడు తీశాడు. లేత ఆకుపచ్చ గింజలు. "బయటికొచ్చేటప్పుడు మీ పొట్లంలో రంగు. మధ్యలో మంట ఉందమ్మా."

అరుణజ్యోతి ఆ మంటకేసి చూస్తూ ఉండిపోయింది. తాతల కాలం నుంచి వ్యవసాయం. నాగటిచాలు. నల్లగా దిగిన నీళ్లు. గుప్పున వాసన. పచ్చి గింజకు వాసనెక్కడిది? వేయించిన పల్లీలు తెచ్చి చేలో చల్లితే ఊళ్లో వాళ్లు ఏమంటారు? చెట్టుకు కట్టేసి వైద్యం చేయిస్తారు.

వెనక నుంచి ఎవరో ముసిముసిగా నవ్వడం మొదలెట్టి, ఆపుకోలేక, చివరికి బల్ల పట్టుకుని నవ్వారు. ఒక పెద్దావిడ. "అమ్మాయ్, నువ్వు మా చంటిగాడి టీచరువి కాదూ? కాపలా, కాపలా అని వాడు పొద్దున్నే అన్నం కూడా తినకుండా పరిగెడుతుంటే ఏదో అనుకున్నాను. ఈ తోటకా తల్లీ! ఎవరికీ చెప్పనులే."

చంటి నానమ్మ కోటేశ్వరమ్మ. భూమి రెండుగా చీలి తనను దాచుకోలేదని అరుణజ్యోతికి ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద చాలా కోపమొచ్చింది. మెట్రో పిల్లర్లకోసం ఎంత లోతు తవ్వారు ఇక్కడ!

పోనీ ఆ పచ్చి గింజలన్నా ఇమ్మని అడిగింది. పట్టాభి గుప్పెడు పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు. "ఇవీ పాతవేనమ్మా, మొలుస్తాయని నేను చెప్పను. మొలిచినా నెలలు పడుతుంది. ఈసారి నా మీద కేసు పెట్టకండి," అన్నాడు.

నాన్నకు ఫోన్ చేసి చెప్పింది.

"ఏంచినయా?" అన్నాడు మట్టయ్య.

"ఏంచినయే నాయనా."

"సరే. ఊర్ల ఎవ్వలికీ చెప్పకు."

మర్నాడు స్టాఫ్ రూములో సైన్సు టీచర్ మృదులకు మాత్రం చెప్పింది. మృదుల నవ్వి, కళ్లు తుడుచుకుని, వెంటనే పనిలోకి దిగింది.

"దీనికింత బెంగెందుకే! మా ఇంటి దగ్గర నాగోల్‌లో నర్సరీ ఉంది. నందివర్ధనం మొక్కలు తెస్తా. ఆకు నిగనిగలాడుతూ అచ్చం కాఫీ మొక్కలాగే ఉంటుంది. డబ్బాల్లో పెట్టి పేరు అంటించెయ్. ఎల్.బి.నగర్‌లో కాఫీ మొక్క మొహం చూసినవాడెవడు?"

"పిల్లలడిగితే?"

"పిల్లలకేం తెలుసే! నీకు క్లాసు కావాలా వద్దా?"

కావాలి. అందుకే అరుణజ్యోతి ఏమీ అనలేదు. శుక్రవారం ఉదయానికి నందివర్ధనం మొక్కలు నల్ల కవర్లలో స్టాఫ్ రూము బల్ల కిందకు వచ్చి కూర్చున్నాయి. బడి వదిలాక, పిల్లలు వెళ్లాక, డబ్బాల్లోకి మార్చాలి. అదీ ఏర్పాటు. రోజంతా ఆమె ఆ బల్లకేసి చూడకుండా తిరిగింది.

మధ్యాహ్నం క్లాసులో పిల్లలు చార్టు చేస్తున్నారు. చలికాలంలో హైదరాబాదు చుట్టుపక్కలకు వచ్చే వలసపక్షుల బొమ్మలు కత్తిరించి అంటించాలి. ఆ బొమ్మలు ముందురోజు జిరాక్స్ సెంటర్‌లో కలర్ ప్రింట్లు తీయించింది అరుణజ్యోతే. ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు రాసిందీ ఆమే.

సింధు కత్తెర ఆపి, ఒక కాగితం ఎత్తి పట్టుకుంది. "టీచర్, దొంగ ఫొటో పేపర్లో పడింది!"

పిల్లలు మూగారు. "ఏదీ? ఏదీ?"

"గిదే. గదే తోక," అన్నాడు మహేందర్. "మొఖానికి పౌడర్ కొట్టినట్టుంటది సూడు. మన డాబా మీది దొంగనే!"

చంటి కింద రాసింది చదివాడు. గుండ్రటి చేతిరాత, అరుణజ్యోతిదే. "తెల్ల కాటుకపిట్ట. ఇది చలికాలంలో హిమాలయాల నుంచి, ఇంకా అవతలి దేశాల నుంచి మన దగ్గరికి వస్తుంది. తడినేల మీద తిరుగుతూ చిన్నచిన్న పురుగుల్ని తింటుంది."

అరుణజ్యోతి కాగితం తీసుకుని చూసింది. ముందురోజు కూడా చూసింది, గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది? కాగితం మీదది వలసపక్షి. డాబా మీదది దొంగ.

"గింజలు తినదా టీచర్?" అన్నాడు చంటి.

"తినదు."

"మరి డబ్బాల్లో ఏం తినేది?"

"తడిమట్టి మీద వాలే దోమలు, పురుగులు తినుంటుంది."

"అంటే కిరాయి ఇస్తుండె," అన్నాడు మహేందర్ మెల్లగా. "అంత దూరంకెళ్లి మనింటికొస్తె, పళ్లేలు గొట్టి ఎల్లగొట్టినం టీచర్!"

అప్పుడు సింధుకు దిష్టిబొమ్మ గుర్తొచ్చింది కాబోలు, "దానికి ఐడీ కార్డు కూడా వేశాం," అంది. అంతే. క్లాసు విరగబడి నవ్వింది. బెంచీల మీద పడి, ఒకరినొకరు చూపించుకుని, 'నువ్వే గట్టిగా కొట్టావు', 'నువ్వే కొట్టినవ్' అనుకుంటూ నవ్వారు. ఎవరూ సిగ్గుతో చచ్చిపోలేదు. పప్పులో కాలేశారు, చూసుకున్నారు, నవ్వుకున్నారు. అరుణజ్యోతి ఇన్నేళ్లలో చెయ్యలేని పనిని వీళ్లు లంచ్ బెల్లు తర్వాత చేసి పారేశారు.

ఆమె బల్ల అంచున కూర్చుంది. "ఇంకోటి ఉంది," అంది. గొంతు ఎప్పటిలాగే సన్నగా వచ్చింది. పిల్లలు నవ్వు ఆపి, వినడానికి ముందుకు వంగారు.

చెప్పేసింది. కొట్టు, పొట్లం, బిల్లు, మధ్యలో మంట, అన్నీ. మొలకలు రావని చెప్పింది. రేపు మొక్కలని చూపించడానికి బల్ల కింద ఏం దాచిందో కూడా చెప్పింది. అంతదాకా చెప్పాలనుకోలేదు, నోరు ఆగలేదు.

"అంటే మనం ఏంచిన పల్లీలు నాటినట్టా టీచర్?" అన్నాడు మహేందర్.

"అట్లనే."

"మీది వ్యవసాయం అన్నారు కదా టీచర్," అన్నాడు చంటి. వాడు దెప్పలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"అన్న."

సింధు మాత్రం నవ్వలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "మరి బుజ్జితో నేను మాట్లాడితే... మీరు వస్తుందన్నారు," అంది. అరుణజ్యోతి లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. కాసేపటికి సింధే ముక్కు తుడుచుకుని, "ఆ నందివర్ధనాలు కాఫీ అని రాయద్దు టీచర్. అబద్ధం," అంది. బల్ల కింది మొక్కల సంగతి అక్కడితో తేలిపోయింది.

శనివారం నాలుగు-బి గదిలో బల్ల మీద రెండు తోటలు నిలబడ్డాయి. ఒకటి అట్టముక్కల పెద్ద చెట్లతో, కింద మట్టితో చేసిన కాఫీ మొక్కలతో, పైన కాగితం పిట్టలతో. రెండోది ఎండలో, చెట్టన్నది లేకుండా. దాని చుట్టూ ఎగురుతూ, దిగే చోటు లేని పిట్టగా సింధు రెండు చున్నీలు చేతులకు కట్టుకుని తిరిగింది. ఇంకో బల్ల మీద మొలవని పెరుగు డబ్బాలు. వాటి ముందు ఒక పళ్లెంలో లేత ఆకుపచ్చ గింజలు, ఒక పళ్లెంలో గోధుమరంగు గింజలు, రెండింటి మధ్య చంటి గీసిన మంట. పక్కన దిష్టిబొమ్మ. కాటుకపిట్టకు క్షమాపణలు చెప్పుకుంటూ మహేందర్ రాసిన కాగితాన్ని దిష్టిబొమ్మ చేతికే తగిలించారు.

పిల్లలకు అప్పజెప్పడానికి ఇంగ్లీషు ముక్క ఏదీ లేదు. అందుకని వాళ్లు మామూలుగా మాట్లాడారు. వచ్చినవాళ్లను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, రెండు గింజలూ చూపించి, ఏది మొలుస్తుందో చెప్పమని అడిగారు. చాలామంది పెద్దలు గోధుమరంగు గింజనే చూపించారు. ప్రతిసారీ పిల్లలు ఎగిరి గంతేశారు.

ఒక తండ్రికి మాత్రం ఒళ్లు మండింది. "ఇదేంటండీ? టీచరే వేయించిన గింజలు నాటిస్తే ఇక పిల్లలేం నేర్చుకుంటారు?" అన్నాడు.

అరుణజ్యోతి జవాబును మనసులో దిద్దుకుంటూ ఉండగానే కోటేశ్వరమ్మ అందుకుంది. "ఏ గింజ మొలుస్తుందని పిల్లలడిగితే ఇందాక నువ్వేం చూపించావు నాయనా? నేను చూశాలే. నేనూ అరవయ్యేళ్లుగా తాగుతున్నాను. పచ్చిగింజ ఆకుపచ్చగా ఉంటుందని మొన్నటిదాకా నాకూ తెలీదు." ఆ తర్వాత అక్కడే నిలబడి, దిల్‌సుఖ్‌నగర్ కొట్లో జరిగిన కథంతా, ఎవరికీ చెప్పనన్న కథ, పదిమందికి అభినయంతో సహా చెప్పింది.

సరిగ్గా అప్పుడే సీతామహాలక్ష్మిగారు గదిలోకి వచ్చారు. డబ్బాలు చూశారు, మంట చూశారు. మొహం ఎర్రబడింది. చంటి వినయంగా చేతులు కట్టుకుని వివరించాడు. "మేడం, వేయించిన గింజలకే వాసనొస్తుంది. నానబెట్టినప్పుడే మనకు తెలియాలి. మీరు కూడా వాసన చూసి వెరీ గుడ్, ఫ్రెష్ సీడ్స్ అన్నారు కదా మేడం. మీకూ తెలీలేదు."

గదిలో పేరెంట్స్ అందరూ ఒక్కసారిగా గోడ మీది చార్టుల్ని చాలా శ్రద్ధగా చదవడం మొదలెట్టారు. వాళ్ల భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అందరూ వెళ్లాక పిలుపొచ్చింది. అరుణజ్యోతి రాజీనామా మాటలు మనసులో ఇంగ్లీషులో రాసుకుంటూ వెళ్లి, బల్ల ముందు నిలబడింది. సీతామహాలక్ష్మిగారు కాఫీ కప్పు చేతిలో పట్టుకుని, తాగకుండా దానికేసి చూస్తున్నారు.

"రోజుకి మూడుసార్లు తాగుతాను. నాకు తట్టలేదు," అన్నారు. "ఈ ముక్క బయట అనకు."

"అనను మేడం."

"అనడానికింకేం మిగిలింది! మీ వాడు అనేశాడుగా." కప్పు కింద పెట్టారు. "నీ మీద నాకు కోపం లేదనుకోకు. ఆహ్వానంలో తోట అని అచ్చు వేస్తే, ఖాళీ డబ్బాలు చూపించావు. కానీ ఇవాళ అన్ని క్లాసులూ తిరిగాను. ప్రతిచోటా పిల్లలు బట్టీపట్టింది అప్పజెబుతుంటే పేరెంట్స్ ఫోన్లు చూసుకుంటున్నారు. నీ గదిలో ఒక్కరు కూడా ఫోన్ తియ్యలేదు. పిల్లలు పెద్దవాళ్లతో వాదిస్తున్నారు. అది మంచిదో కాదో నాకింకా తెలీదు." కప్పు మళ్లీ అందుకున్నారు. "ఈ ఏడాది మొత్తం నాలుగు-బి నువ్వే చూడు. వచ్చే ఏడూ అదే. సోమవారం ఆఫీసులో కాగితాలు ఇస్తారు."

అరుణజ్యోతి రాసుకున్న రాజీనామా ఎక్కడికి పోయిందో తెలీలేదు. ఏ భాషలో థాంక్స్ చెప్పాలో తోచక తలాడించి, గుమ్మందాకా వెళ్లింది.

"ఆగు," అన్నారు సీతామహాలక్ష్మిగారు. "తర్వాతి పాఠమేంటి?"

"తేనెటీగలు మేడం."

ఆవిడ కప్పు మళ్లీ కింద పెట్టేశారు. "పుస్తకంలోంచే చెప్పు," అన్నారు.

"అలాగే మేడం," అంది అరుణజ్యోతి, మనస్ఫూర్తిగా.

బయట మెట్ల మీద మహేందర్, బ్యాగు తగిలించుకుని, వాళ్ల నాన్న ఆటో కోసం చూస్తూ కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచాడు. "టీచర్, మీరే ఉంటరా మాకు?"

"నేనే ఉంటా."

వాడు ఆ సంగతి ముందే తెలిసినట్టు తలూపి, అసలు విషయంలోకొచ్చాడు. "అయితే టీచర్, మా ఇంటెన్క వేపచెట్టుకు పెద్ద తేనెతుట్టె ఉంది. సోమారం పట్కరావాల్నా?"